వేరుశనక్కాయల పొట్లాల్లో పోయిన నా ముగింపు

నేను ఒక నవలని. అల్లాటప్పా నవలని కాదు, మిల్లు కార్మికుల కష్టాల మీద రాసిన నవలని. మొదటి అధ్యాయంలో నలుగురు చస్తారు. రెండో అధ్యాయంలో మిగిలినవాళ్లు దగ్గుతారు. నా బరువు ముప్పావు కిలో. అందులో అరకిలో కన్నీళ్లే.

విజయవాడలో ఒక ప్రెస్సులో పుట్టాను. రోజుకి పన్నెండు గంటల చాకిరీ ఎంత ఘోరమో చెప్పే నన్ను, ఒక బైండరు పదమూడో గంటలో కుట్టాడు. నిద్రమత్తులో ఎనిమిది పేజీలు తలకిందులు చేశాడు. సరిగ్గా సమ్మె మొదలయ్యే పేజీలవి.

నా మొదటి యజమాని శ్రీకాకుళంలో లెక్చరరు. నా మీద జిల్లా అంతటా నలభై రెండు ఉపన్యాసాలు దంచాడు. చదివింది పదకొండు పేజీలు. నాకెలా తెలుసంటారా? పన్నెండో పేజీలో ఆయన పెట్టిన బస్సు టికెట్టు ఇరవై ఎనిమిదేళ్లు నాతో కాపురం చేసింది మరి. చివరికి ఇంటికి సున్నాలు వేయిస్తూ నన్ను పాత పేపర్లతో కలిపి తూకానికి వేసేశాడు. అలా పలాసలో వేరుశనక్కాయలమ్మే బండి మీదికి చేరాను. బండివాడు నన్ను వెనక నుంచి చించడం మొదలుపెట్టి, చివరి పద్దెనిమిది పేజీల్లో కాయలు పొట్లాలు కట్టాడు. నా విప్లవం ఉప్పుతో సహా జనంలోకి వెళ్లిపోయింది.

మిగిలిన నన్ను ఊర్మిళ అనే అమ్మాయి అడిగి తెచ్చుకుంది. ఆమెది జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు మీద పొట్టు తీసే పని. అక్కడ ముప్పైమంది ఆడవాళ్లు. చేతులకి పని, చెవులకి సెలవు. ఊర్మిళ నన్ను పైకి చదువుతుంటే, ఆమె తూకం తగ్గకుండా తలో గుప్పెడు ఒలిచిన పప్పు ఆమె పళ్లెంలో వేసేవారు. ఆ లెక్చరరుకీ ఎవరైనా జీడిపప్పు పోసి ఉంటే పన్నెండో పేజీ దాటేవాడేమో.

వినేవాళ్లలో పెద్దావిడ దాలమ్మ. ఆవిడ కిడ్నీలు మొండికేశాయి. నీళ్లు బాగా తాగకపోతే బతకవని డాక్టరు చెప్పాడు. తాగితే వెళ్లాలి. వెళ్దామంటే మరుగుదొడ్డికి తాళం. తాళంచెవి సూపర్‌వైజర్ దండాసి మొలతాడుకి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తీస్తాడు. మిగతా వేళల్లో సాక్షాత్తూ దేవుడొచ్చి కాళ్లు దగ్గర పెట్టుకుని నిలబడినా తియ్యడు. దాంతో దాలమ్మ నీళ్లు మానేసింది. ముఖం రోజురోజుకీ ఉబ్బుతోంది.

నా పదమూడో అధ్యాయంలో, ఎక్కడో దూరదేశపు బట్టల మిల్లులో ఒక మేనేజరున్నాడు. కార్మికులు తాగే కుళాయికి తాళం వేసి, చెవి నడుముకి కట్టుకుని గలగలమంటూ తిరుగుతాడు. ఊర్మిళ అది చదవగానే షెడ్డు రేకులు లేచిపోయేలా నవ్వారు.

"ఓలమ్మా, ఈడు మన దండాసేనే!"

గుమ్మం అవతల దండాసి విననే విన్నాడు. వచ్చి నన్ను లాక్కున్నాడు.

"నా మీద పుస్తకం అచ్చేయించీసినారా? నా మొలతాడు సంగతి ఆ రాసినోడికి ఎవులు సెప్పినారే?"

నేను అచ్చయిన ఏడాదికి దండాసి వయసు రెండేళ్లు. ఆ ఏడాది నా రెండో పేజీలోనే ఉంది. కానీ తన మీదే రాశారనుకున్న మనిషి తేదీలు చూస్తాడా?

ఆదివారమంతా ఇంట్లో తలుపేసుకుని చదివాడు. నిజం చెప్పొద్దూ, నన్ను మొదట్నుంచీ అంత శ్రద్ధగా చదివిన మగాడు ఇంకొకడు లేడు. తలకిందుల పేజీలొచ్చినప్పుడు నన్ను తిప్పుకోవచ్చని తోచక, మంచం మీద నుంచి తానే తల కిందికి వేలాడేసి చదివాడు. చివరికొచ్చాడు. "కార్మికులంతా ఒక్కసారిగా లేచి అతని నడుము వైపు చూశారు. అతను" అన్నచోట నేను అయిపోయాను. మిగతాదంతా వేరుశనక్కాయలు.

సోమవారం కళ్లు ఎర్రబడి వచ్చాడు.

"తర్వాతేటైంది?"

చివరి పేజీలు లేవని చెప్పబోయింది ఊర్మిళ. దాలమ్మ మోకాలితో ఒక్క పోటు పొడిచింది. దాలమ్మకి అక్షరమ్ముక్క రాదు.

"సెప్తాను బాబూ. గానీ గొంతెండిపోతంది. నీల్లు తాగాల. తాగితే మరి..."

అంటూ దండాసి నడుము వైపు చూసింది. ముప్పైమందీ చూశారు, అచ్చం నా ఆఖరి వాక్యంలోలాగే. దండాసి చెయ్యి దానంతటదే మొలతాడు మీదికి పోయింది.

"తీస్తాన్లే! ముందిది సెప్పు, ఆడ్ని సంపీసినారా?"

"అంత తొందరేటి బాబూ? ఆ సెవి తలుపు కాడ మేకుకి తగిలించీ. కత పెద్దది. రోజుకి కొంచెం సెప్తాను."

తగిలించాడు.

ఎనిమిది నెలలైంది. నా మేనేజరుకి ఈలోపు రెండు పెళ్లిళ్లు, ఒక పాముకాటు, కాశీయాత్ర అయ్యాయి. నన్ను రాసినాయన వింటే మూర్ఛపోతాడు. ఒకరోజు దండాసి అలిగి తాళంచెవి మళ్లీ మొలతాడుకి కట్టుకున్నాడు. ఆ పూటే మేనేజరుకి పక్షవాతం వచ్చింది. భోజనాల వేళకల్లా చెవి మేకు మీద ఉంది.

నన్నిప్పుడు ఎవరూ చదవడం లేదు. షెడ్డు మూల నీళ్లకుండ మీద మూతగా పెట్టారు. అట్ట ఉబ్బింది, అక్షరాలు అలికిపోతున్నాయి. సాహిత్యం వల్ల సమాజం మారుతుందా అని లెక్చరరుగారు మైకు ముందు మూడేసి గంటలు ఊగిపోయేవాడు. నాకంత పెద్ద సంగతులు తెలీవు. ఈరోజు పొద్దుట్నుంచి దాలమ్మ నన్ను ఏడుసార్లు ఎత్తింది.