ఫ్యాను ఆపేసిన రోజు

మా లోయలో గని ఫ్యాను ఆగిందంటే ఆడవాళ్ళం పొయ్యి మీద ఉన్నది అలాగే వదిలేసి బయటికి వచ్చేస్తాం. ఫ్యాను ఆగితే లోపల గాలి ఆడదు, మగవాళ్ళు బయటపడాలి. పడకపోతే ఏమవుతుందో నేను మనసులో చాలాసార్లు చూశాను. అందుకే, ఆ రోజు ఫ్యాను ఆపుతారని నా కొడుకు డెన్వర్ ముందే చెప్పినా, కొండ మీది నుంచి వచ్చే ఆ హోరు ఆగేసరికి చేతిలోని గరిటె చిక్కుడుగింజల కుండలోకి జారిపోయింది.

"చెప్పే ఆపారు కదే, కూర్చో," అన్నాడు నా మొగుడు హోబర్ట్, గని దుమ్ముకు ఊపిరితిత్తులు పోయి ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో.

"వాడింకా లోపలే ఉంటే?"

"నీకు పట్టపగలు కూడా దయ్యాలు కనిపిస్తాయి. వెళ్ళి చూసుకునిరా పో. ఇక్కడే ఉంటే నా బుర్ర తింటావు."

బొగ్గు కొనేవాళ్ళు లేక గని ఎన్నాళ్ళనుంచో ఖాళీగా పడి ఉంది. అయినా ఫ్యాను తిప్పుతూ, నీళ్ళు తోడుతూ ఉన్నారు. గ్యాసు ఎంతుందో, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూడటానికి డెన్వర్ ఒక్కడే లోపలికి వెళ్ళి వస్తుండేవాడు. ఇక ఆ ఖర్చు కూడా దండగ అనుకున్నారు యజమానులు. గనిని తాత్కాలికంగా మూసినట్టు లెక్కవేయండని ప్రభుత్వ తనిఖీవాళ్ళకు తెలియజేశారు. ఇకనుంచి ఫ్యాను ఉండదు, పంపులు ఉండవు. లోపలికి ఎవరూ వెళ్ళకూడదు.

అలబామాలో ఒక గనివాళ్ళు డెన్వర్‌కు పని ఇస్తామన్నారు. ఆ మధ్యాహ్నంలోగా ఏ సంగతో చెప్పమన్నారు. దేవుడా, వీణ్ణి ఆ బొక్కలోంచి బయటికి తియ్యి అని ఏళ్ళతరబడి మొక్కినదాన్ని, ఇంకో బొక్కలోకి పంపమని మొక్కుతున్నాను. ఊరికే ఇంట్లో కూర్చున్న మగవాళ్ళు మా లోయలో ఏమైపోతున్నారో నేను చూస్తూనే ఉన్నాను. మత్తు మాత్రలు మింగి కొందరు, తాగి కొందరు.

నేను కొండెక్కేసరికి వాడు, గనివాళ్ళు పని దిగాక ఒళ్ళు కడుక్కునే స్నానాల కొట్టం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పక్కనే ట్రక్కు మీద వాడితో గనిలో పనిచేసిన ట్రాయ్ మలిన్స్ కూర్చున్నాడు.

"ఏం డెన్వర్, నీ బుట్ట పైనే ఉందా?"

"పైనే ఉంది."

"అయితే సరే. మా బావమరిది ఒహాయోలో గిడ్డంగి పని చూస్తానంటున్నాడు. పొద్దస్తమానం అట్టపెట్టెలు మోయడానికా నేను పుట్టింది? నువ్వు దించిన రోజు చెప్పు, నేనూ దించుతా."

ఆ కొట్టంలో ఒక్కో మనిషికి ఒక్కో తీగబుట్ట ఉంటుంది. బట్టలు, బూట్లు అందులో వేసి గొలుసుతో కప్పు దాకా లాగి కట్టేస్తారు. బుట్ట దించుకున్నవాడు పని వదిలేసినట్టే. గని మళ్ళీ తెరిస్తే, బుట్ట వేలాడుతున్నవాళ్ళకే పిలుపు. ఎవరూ రాసిపెట్టలేదు గానీ అందరికీ తెలుసు.

డెన్వర్‌ను చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాను. పైన బుట్టలన్నీ గబ్బిలాల్లా వేలాడుతున్నాయి. తలుపు దగ్గరి గొలుసు మాత్రం ఖాళీగా ఉంది.

"ఇది ఎల్బర్ట్‌ది కదరా?"

ఎల్బర్ట్ స్టంబో యజమానుల తరఫున ఆ గని నడిపే పెద్ద.

"పొద్దున్నే దించుకున్నాడు. బట్టలు ఉతకాలట."

"వాడు బట్టలు ఉతికించడం నేనెప్పుడూ చూడలేదు. పంపులు తీసేశాక నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి?"

"చలికాలానికి కింది భాగమంతా మునుగుతుంది. కప్పు నానిపోతుంది."

"నానితే?"

"కూలుతుంది."

"అన్నీ తెలిసి ఇంకా ఎందుకురా ఆ బుట్ట?"

వాడు నా వంక చూడలేదు. "లోపలికెళ్ళి చూసొచ్చేది నేనే కదమ్మా. నేను దించితే ఇక లేదనుకుంటారు. ట్రాయ్ దించుతాడు, తర్వాత అందరూ దించుతారు. వాళ్ళందరికీ ఎక్కడుంది పని?"

"నీకు ఉంది కదరా నాయనా. ఒక్కటే ఉంది, అది నీది."

తాళం పట్టుకుని ఎల్బర్ట్ వచ్చాడు. నాతో బళ్ళో చదువుకున్నవాడే.

"నిజం చెప్పు ఎల్బర్ట్. తాత్కాలికమేనా?"

"తనిఖీవాళ్ళకు అలాగే చెప్పాం లూరీన్."

"నేను తనిఖీదాన్ని కాను."

అతను తాళం అటూ ఇటూ తిప్పాడు. "మళ్ళీ తెరవాలంటే ముందు వాళ్ళు వచ్చి చూడాలి. వాళ్ళు రావాలంటే మేం పిలవాలి. మేం పిలవాలంటే ఎవరైనా బొగ్గు కొనాలి. ఇంతకుమించి నన్నేం అడగకు."

"వీడి మొహం చూసి చెప్పు."

ఎల్బర్ట్ అటు తిరిగి, గని నోటికి కంచె వేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు.

అప్పుడే డెన్వర్ ఫోను మోగింది. అలబామా నుంచి. వాడు గోడవైపు తిరిగాడు. నేను వాడి బుట్ట గొలుసు ముడి దగ్గరికి వెళ్ళి చెయ్యి వేశాను, నేనే దించేద్దామని. చాలా బిగుతుగా కట్టాడు, నా వేళ్ళకు కదల్లేదు.

"లేదండీ," అంటున్నాడు వాడు. "ఇక్కడ పని ఉంది. అవునండీ, ఇంకెవరికైనా ఇవ్వండి."

ఫోను జేబులో పెట్టుకుని వచ్చి, నా చెయ్యి ముడి మీదినుంచి మెల్లగా తీశాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

బయట ట్రాయ్ అడిగాడు, "ఫోను ఎవరిదిరా?"

"ఎవరిదీ కాదు. పొరపాటున వచ్చింది."

ట్రాయ్ నవ్వుకుంటూ ట్రక్కు తీశాడు. ఒహాయో ముచ్చట మళ్ళీ ఎత్తలేదు.

ఇంటికొచ్చేసరికి కోడలు క్రిస్టల్ వంటింట్లో నేల మీద కూర్చుని అలబామా ప్రయాణానికని గాజు పళ్ళేలను పాత పేపర్లలో చుడుతోంది. మా మొహాలు చూసింది. చుట్టినవాటిని ఒక్కొక్కటే విప్పి మళ్ళీ అలమరలో పెట్టడం మొదలుపెట్టింది. నేనూ పక్కన కూర్చుని విప్పాను.