కొండెక్కని దీపం

సబ్బవరంలో ఒక కొత్త ఇంటి మేడమీద కెమెరాకి వైరు లాగుతున్న ఉమాశంకర్‌కి పొద్దున్న పదింటికి ఫోన్లో వాయుగుండం కబురు కనబడింది. మధ్యాహ్నం దాటితే సముద్రం రేగుతుందట, వేటకెళ్ళిన బోట్లన్నీ వెంటనే ఒడ్డుకి తిరగాలట. అతని బావ చంటి మూడు రోజులుగా నీళ్ళమీదే ఉన్నాడు. అయినా ఉమాశంకర్ కంగారు పడలేదు. సెల్‌ఫోన్లు అందనంత లోపలికి వెళ్ళిన బోట్లకి ఇలాంటి కబుర్లు పంపే పెట్టె ఒకటి ఫిషింగ్ హార్బర్‌లో ఉంది. బోటు ఓనర్ల సంఘం ఆఫీసులో దాన్ని బిగించిందీ, బాగోగులు చూసేదీ తనే.

ఎందుకైనా మంచిదని ఫోన్లోంచే పెట్టెలోకి వెళ్ళి చూడబోయాడు. మూడుసార్లు ప్రయత్నించినా అది పలకలేదు. సంఘం సెక్రటరీ అచ్యుతరామయ్యకి ఫోన్ కొట్టాడు.

"బాబాయ్, పెట్టెకి లైను ఉన్నట్టు నేదు. బోట్లకి కబురెల్లిందా?"

"ఎల్లకేటి? పొద్దున్నే పంపించీసినాను. దీపం నిచ్చేపంగా కొట్టుకుంటంది. నీకేటి బెంగ?"

అప్పుడు పడింది గుండెలో రాయి. పెట్టె మీది ఆ దీపం లైను తెగినా కొట్టుకుంటుంది, ఊరు మునిగినా కొట్టుకుంటుంది. అలా కొట్టుకునేట్టు చేసిన ఘనుడు తనే.

పోయిన వారం దాకా పెట్టె మీది ఆ పచ్చలైటు నిజమే చెప్పేది. ఇంటర్నెట్ లైను ఉంటే వెలిగేది, పోతే ఆరేది. లైనేమో రోజుకి పదిసార్లు పోయి వచ్చేది. లైటు ఆరినప్పుడల్లా బయట వలలు బాగుచేసుకునే ఆడవాళ్ళు పని వదిలేసి కిటికీ దగ్గర మూగేవాళ్ళు. మామూలు రోజుల్లోనే దీపం ఆరిందని అనడానికి మనకి నోరు రాదు, కొండెక్కిందంటాం. మొగుళ్ళు సముద్రంలో ఉండగా పట్టపగలు కొండెక్కితే ఊరుకుంటారా? వాళ్ళు అచ్యుతరామయ్య మీద పడ్డారు, ఆయన ఉమాశంకర్ మీద పడ్డాడు. "ఆరకుండా సేసీరా నాయనా, నీకు పున్నెముంటాది."

బుద్ధున్నవాడైతే లైను ఎందుకు పోతోందో వెతుకుతాడు. మనవాడికి ఆ రోజు ఇంకో రెండు పనులున్నాయి. పెట్టె సిస్టమ్ సెట్టింగ్స్‌లో, లైటు దేన్ని బట్టి వెలగాలో చెప్పే చోట 'నెట్‌వర్క్' అని ఉంటే దాన్ని 'హార్ట్‌బీట్' అని మార్చేశాడు. ఇక కరెంటున్నంతసేపూ లైటు గుండెలా లబ్‌డబ్ మంటుంది, బయటి లైను గొడవ దానికి పట్టదు. అందరూ మురిసిపోయారు. సెక్రటరీ రెండు వంజరం చేపలు సంచిలో వేసిచ్చాడు. వాటిని పులుసు పెట్టింది చంటి పెళ్ళాం, అంటే ఉమాశంకర్ సొంత అక్క ఆశాజ్యోతి.

"బాబాయ్, ఆ దీపాన్ని నమ్మకు. పెట్టె ఓపాలి ఆపి మళ్ళీ ఎయ్యి."

"బోట్లు నీలమీదుంటే ఆపమంటావేట్రా? మతుండే మాటాడతన్నావా?" అని ఆయన పెట్టేశాడు.

ఉమాశంకర్ పనిముట్లు సంచిలో కుక్కుకుని బండెక్కాడు. పెందుర్తి దాటాడు, గోపాలపట్నం దాటాడు. సిగ్నల్ పడిన ప్రతిచోటా ఫోన్ తీసి పెట్టెని పిలిచాడు. పలకదు. ఎండ ఫెళఫెళ కాస్తోంది, ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. అది చూస్తే ఇంకా భయమేసింది. చంటి కూడా ఈ ఎండనే చూసి, ఇంకో వల వేద్దాం లెమ్మనుకుంటాడు. కాన్వెంట్ జంక్షన్ దగ్గర కంటైనర్ లారీలు అడ్డంగా ఆగిపోతే, డ్రైవర్లని తిట్టాడు, పోర్టుని తిట్టాడు, చివరికి తనని తానే తిట్టుకున్నాడు.

హార్బర్ ఆఫీసుకి వెళ్ళేసరికి కిటికీ నిండా ఆడవాళ్ళే. ఆశాజ్యోతి అందరికంటే ముందుంది.

"బయపడకురా తమ్ముడూ. సూడు, మీ బావ గుండె ఎలా కొట్టుకుంటందో" అని లైటు వైపు చూపించింది. తననే ఓదారుస్తోంది పిచ్చిది! చేసిన పాపం చెబితే పోతుందంటారు గానీ, చెప్పడానికి ముందు నోరు రావాలి కదా. ఉమాశంకర్ కీబోర్డు ముందు కూర్చుని 'హార్ట్‌బీట్' తీసేసి 'నెట్‌వర్క్' అని కొట్టాడు.

లైటు ఆరిపోయింది.

"ఏటి సేసీసినావురా!" ఆశాజ్యోతి కేక పెట్టింది. "మీ బావ దీపం కొండెక్కించీసినావేటి?"

"అది బావ దీపం కాదక్కా, ఉత్త పెట్టె గుండె. లైను ఎప్పుడు పోనాదో ఏటో. వారం నుంచీ అది అబద్దం సెప్తంది. నానే సెప్పించినాను."

ఇంక ఆమె మొహం చూడలేక స్టూలెక్కాడు. కిటికీ పైన లైను తీగ చివర ఉప్పుగాలికి చిలుం పట్టిపోయి ఉంది. కోసి కొత్త క్లిప్పు బిగించాడు. లైటు వెలిగింది. ఈసారి గుండె తాళం లేదు, తోచినట్టు మిణుకుమంటోంది. ఆగిపోయిన కబుర్లు ఒక్కొక్కటే బయల్దేరాయి. అందినట్టు బోటులో మీట నొక్కితే ఇక్కడ తెరమీద దాని పేరు పడుతుంది. దీపం కొట్టుకుంటోంది కదాని పొద్దుట్నుంచీ ఆ తెర ఎవరూ చూడలేదు. వేటలో ఉన్నవి పన్నెండు బోట్లు. పదకొండు పేర్లు పడ్డాయి. చంటి పేరు పడలేదు.

అంతలో లైటు మళ్ళీ ఆరింది. కిటికీ దగ్గర ఎవరో గొల్లుమన్నారు.

"పోనీ ఆ గుండె సెట్టింగే ఎట్టీరా" అన్నాడు అచ్యుతరామయ్య చెమట తుడుచుకుంటూ. "ఈలు సూడలేకపోతన్నారు."

ఆశాజ్యోతి తమ్ముడి మణికట్టు పట్టేసుకుంది. "ఆ దీపం జోలికెల్లినావంటే సెయ్యి ఇరిసీగల్ను. ఆరితే ఆరనీ. తీగ సూడు."

తీగ రెండో చివర కూడా అంతే, పచ్చగా చిలుం. తొందరలో ఒక క్లిప్పు పాడుచేసి రెండోది బిగించాడు. లైటు వచ్చింది. అచ్యుతరామయ్య తెరకి ముక్కు ఆనించి చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపటికో, "పన్నెండు" అన్నాడు. "చంటిది. అందిందంట."

అప్పుడు ఆశాజ్యోతి నేలమీద కూలబడి, అంతసేపూ ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది. తరవాత చెంగుతో మొహం తుడుచుకుని తమ్ముడి వైపు చూసింది.

"ఆ వంజరాల పులుసు బాగుందన్నావు గదరా ఆ రోజు" అంది.

ఉమాశంకర్ నేలమీద పడ్డ చిలుం తీగ ముక్కలు ఏరసాగాడు.