ఇంకొక్కసారి, పిగిలిపిట్టా

వీడియో అబ్బులు "ఇంకొక్కసారి" అనగానే, అప్పుడే పైకొచ్చిన సూర్యుడు పక్కింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు వెనక్కి దిగిపోతాడు. జామకొమ్మ మీది పిగిలిపిట్ట పాడిన పాటను మింగేసి, గొంతు సవరించుకుని, మొదటినుంచి అందుకుంటుంది.

అబ్బులుకి ఇందులో వింతేమీ కనిపించదు. మండపేట చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ తీసిన చెయ్యి అతనిది. అతను ఇంకొక్కసారి అంటే పురోహితుడు చదివిన మంత్రమే మళ్ళీ చదువుతాడు, కళ్ళు తుడుచుకున్న పెళ్ళికూతురి తల్లి మళ్ళీ ఏడుస్తుంది. అంతమంది విన్నాక సూర్యుడు వినకపోతే మర్యాదగా ఉండదు.

ఇప్పుడు మూఢం. ముహూర్తాల్లేవు. కెమెరా చేతిలో లేకపోతే అబ్బులుకి అన్నం సయించదు, అందుకని పెరట్లో స్టాండు వేసి పిట్టల వెంట పడ్డాడు. పిగిలిపిట్ట జామచెట్టు మీద కూర్చుని, మునగచెట్టు మీది ఆడపిట్ట కోసం పాడుతోంది. తలమీద నల్లకుచ్చు, తోక కింద ఎర్రమచ్చ, ముస్తాబుకేం లోటు లేదు. ఆడపిట్ట రెక్క విప్పబోయే సమయానికి మాత్రం ఏదో ఒకటి కుదరదు. ఆకు అడ్డం వస్తుంది, లేదా వెలుతురు చాలదు, అదీ కాకపోతే పిట్ట మొహంలో నవ్వుండదు.

"ఇంకొక్కసారి. ఈసారి కాస్త ఇటు చూసి పాడు."

"ఆయ్, చూస్తానండి," అంటుంది పిగిలిపిట్ట. "కానండీ, పాట ఆవిడ కోసమండి. తమరిని చూసి పాడితే ఆవిడేవనుకుంటదండీ?"

"ఆవిడ సంగతి ఎడిటింగులో చూసుకుంటాను."

సూర్యుడు దిగుతాడు. ఆడపిట్ట విప్పిన రెక్క ముడుచుకుని మునగకొమ్మ మీదికి వెళ్ళిపోతుంది. దాంతోపాటు వంటింటి గుమ్మం కూడా ఓ నాలుగడుగులు వెనక్కి జరుగుతుంది. ఈ సంగతి ముందుగా కనిపెట్టింది అబ్బులు భార్య తాయారు. గుమ్మంలోంచి బయల్దేరిన కాఫీ జామచెట్టు దగ్గరికి వచ్చేసరికి చల్లారిపోతోంది.

"నా తప్పేం లేదండీ. పెరడు పొడుగైపోతంది."

"ఫ్రేములో అంతా బానే ఉంది," అంటాడు అబ్బులు, కన్ను తియ్యకుండానే.

ఈ మాట తాయారుకి కొత్త కాదు. వాళ్ళ పెళ్ళి వీడియో తీసింది కూడా అబ్బులే. ఇంకొకడి చేతికి కెమెరా ఇస్తే తగలేస్తాడని, పీటల మీంచి లేచి లేచి తనే తీసుకున్నాడు. ఆ వీడియోలో తాయారు ఉంది, చుట్టాలున్నారు, గాడిపొయ్యి దగ్గర వంటవాళ్ళు కూడా ఉన్నారు. పెళ్ళికొడుకు లేడు. తాయారు మెడ వంచుకుని పక్కనున్న ఖాళీ పీట వైపు చూస్తూ ఉంటుంది. ఎవరూ పొయ్యకుండానే ఆమె తలమీద తలంబ్రాలు పడతాయి. చూసినవాళ్ళంతా "అబ్బులు ఏడమ్మా?" అని అడుగుతారు. ఆమె నవ్వేస్తుంది. కానీ ఆమెకది బాధ, ఇన్నేళ్ళయినా తగ్గని బాధ.

పాట మళ్ళీ మొదలవుతుంది, మళ్ళీ ఆగుతుంది. తాయారు ఇప్పుడు కాఫీ పట్టుకుని ఆటోలో వస్తోంది. ఆటో అబ్బాయి నూతి దగ్గర దించేసి, అవతల రోడ్డు బాలేదంటాడు. ఇంకో నాలుగు పాటలయ్యేసరికి నూతికీ కరివేపాకు మొక్కకీ మధ్య ఓ ఊరు వెలుస్తుంది. ఆ ఊళ్ళో టిఫిను సెంటరు, సెల్లుల దుకాణం తెరుస్తారు. పెరట్లోకి ఎర్రబస్సు వేస్తారు. అద్దం మీద 'వంటిల్లు – జామచెట్టు, వయా నుయ్యి' అని రాసుంటుంది.

ఆ బస్సులోంచి దిగినప్పుడు తాయారు చేతిలో కాఫీ లేదు.

"ఇదే ఆఖరి బస్సంటండి. ఇంకొక్కసారి అన్నారంటే వంటిల్లు గోదారి దాటిపోద్ది. అంత దూరం నుంచి నేను రాలేనండి బాబూ. అక్కడే ఏదో వండుకు తింటాను."

"ఒక్క షాటు, తాయారూ. అది వచ్చి దీని పక్కన వాలితే అయిపోయినట్టే."

"పెళ్ళినాడూ ఇదే మాటన్నారు. నా పక్కన వాల్తారని చూస్తానే ఉన్నాను."

ఆమె బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటుంది. కండక్టరు రెండు గంటలు కొడతాడు.

సరిగ్గా అప్పుడు అన్నీ కుదురుతాయి. ఆకు తప్పుకుంటుంది. వెలుతురు వెన్నపూసలా ఉంటుంది. పిగిలిపిట్ట పాడుతుంది, ఆడపిట్ట రెక్క విప్పి గాల్లోకి లేస్తుంది. కెమెరా మూలలో బస్సు చిన్నదై, కిటికీలో తాయారు ఆవగింజంత అవుతుంది. అబ్బులు ఆవగింజ వైపు చూస్తాడు. ఆ చూపుతో ఫోకసు బస్సు మీదికి పోతుంది, పిట్టలు రెండూ మసకబారతాయి.

"ఇంకొ..." అని మాట నోటిదాకా వస్తుంది. సూర్యుడు అలవాటుకొద్దీ దిగడానికి ఒంగుతాడు. అబ్బులుకి చచ్చేంత భయం వేస్తుంది. రెండు చేతులతో నోరు మూసుకుంటాడు. చేతులు రెండూ నోటి మీదే ఉండడంతో కెమెరా పట్టుకునేందుకు చేతులు మిగల్లేదు.

"తమరెళ్ళండి బాబూ," అంటుంది పిగిలిపిట్ట, ఆడపిట్టకు కొమ్మ మీద చోటిస్తూ. "మా పని మేం చూసుకుంటామండి."

అబ్బులు పరిగెత్తుతాడు. పరిగెత్తేవాడి కోసం ఏ బస్సూ ఆగదు గనక ఇదీ ఆగదు. కరివేపాకు మొక్క దాటి, టిఫిను సెంటరులోంచి అడ్డంపడి, ఊరి చివర వరిచేల గట్టు మీద చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుతాడు. అతను నోరెత్తకపోవడంతో వెనక్కి పంపిన సూర్యుళ్ళందరూ ఇక ఆగలేక ట్యాంకు వెనకనుంచి వరసగా పైకొస్తారు. ఒకరినొకరు తోసుకోకుండా, పందిట్లో పెద్దమనుషుల్లా, ఎవరి చోట్లో వాళ్ళు నిలబడతారు.

తాయారు వంటింటి గుమ్మంలో కూరల సంచీ సర్దుతూ కనిపిస్తుంది.

"కెమెరా ఏదండీ?"

"అక్కడే ఉంది."

"వీడియో తిరుగుతందా?"

"తెలీదు."

తాయారు అతని మొహంలోకి చూస్తుంది. ఈ మనిషి నోట తెలీదన్న మాట ఆమె ఎప్పుడూ వినలేదు. సంచీ పక్కన పెట్టి, గుమ్మంలో కాస్త జరుగుతుంది. అబ్బులు ఆమె పక్కన కూర్చుంటాడు. ఆయాసం తీరదు, అయినా లేవడు. మోకాలికి మోకాలు తగులుతుంది.

ఆకాశంలో అంతమంది సూర్యుళ్ళుండడంతో, కూర్చున్న ఇద్దరికీ లెక్కలేనన్ని నీడలు పడతాయి. నీడలు కాసేపు మర్యాదగా కాళ్ళ దగ్గరే ఉంటాయి. తర్వాత అబ్బులు-తాయారు జంటలుగా లేచి, బట్టలు దులుపుకుని, పెరడంతా బంతులు తీరి భోజనాలకి కూర్చుంటాయి. తాయారు కొంగు బిగించి అబ్బులు చేతికి పప్పు గరిటె ఇస్తుంది. అతను మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా వంగి వడ్డిస్తూ పోతాడు. ఏ తాయారు పక్కా ఖాళీగా లేదు.