మూసినవైపు ముందుకి

బావ పని బల్ల వైపు బామ్మర్ది చూడలేడు. సైకిళ్ళ షాపు ఇద్దరిదీ, బల్ల చెరిసగం. బామ్మర్ది వైపు పానాలు సైజు వారీగా పడుకుని ఉంటాయి. బావ వైపు గ్రీజు డబ్బాలో వెంట్రుకలు, కొరికి వదిలేసిన బన్ను, దాని మీద ఇనపరజను. మధ్యాహ్నం ఆ బన్నునే ఉఫ్ మని ఊది తినేస్తాడు. చెయ్యి కడుక్కోమంటే "వచ్చాడండీ సబ్బుబిళ్ళ!" అని వీధంతా వినబడేలా నవ్వుతాడు. చివరికి బామ్మర్దికి ఆ పేరే ఖాయమైపోయింది.

అక్కకి కొత్త రేసు సైకిలు బావే స్వయంగా కట్టాడు. తన పెళ్ళాం బండి మీద ఇంకొకడు చెయ్యి వెయ్యడానికి వీల్లేదన్నాడు. అక్క పనిచేసే బట్టల మిల్లు కొండ కింద. షాపు దాటగానే రోడ్డు జారుడుబల్లలా దిగుతుంది. అడుగున లారీలు మళ్ళే కూడలి.

ఆ ఉదయం అక్క మొదటిసారి దాని మీద పనికి బయల్దేరుతుంటే సబ్బుబిళ్ళ ముందు చక్రం దగ్గర చతికిలబడ్డాడు. రిమ్ముని రెండు పక్కలా పట్టుకునే ఇనప దవడ, క్యాలిపరు, సరిగ్గా మధ్యలో లేదు. ఒక పక్క రిమ్ముని రాసుకుంటోంది, రెండో పక్క వేలు దూరేంత సందు. స్క్రూడ్రైవరుతో పొడిచి జరపబోయిన గీతలు కొత్త రంగు మీద పిల్లి రక్కినట్టున్నాయి. ఇంకాస్త వంగి బ్రేకు రబ్బర్లు చూశాడు.

బ్రేకు రబ్బరు చిన్న లోహపు గూట్లో కూర్చుంటుంది. గూటికి ఒక కొస మూసి, రెండో కొస తెరిచి ఉంటుంది. బ్రేకు పడగానే తిరిగే రిమ్ము రబ్బరుని ముందుకి ఈడుస్తుంది. అందుకే మూసినవైపు ముందుకి ఉండాలి. ఇక్కడ తెరిచినవైపు ముందుకుంది. రబ్బరుని బిగించి ఉంచే చిన్న మర కూడా లేదు.

"బావా, గూళ్ళు తారుమారయ్యాయి. ఎడమది కుడికేశావు."

"ఎవరి ఎడమ?"

సబ్బుబిళ్ళ తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. ఈ షాపుకి రాకముందు బావ క్షౌరం చేసేవాడు. ఏళ్ళ తరబడి అద్దంలో చూసి పనిచేసినవాడికి ఎడమేదో కుడేదో తికమకపడటం వింతేం కాదు.

"బండెక్కినవాళ్ళ ఎడమ. ఎదురుగా నిలబడ్డవాడిది కాదు. నేను విప్పి మారుస్తాలే, నువ్వు టీ తాగిరా."

"మారుస్తాడంట! నేను పెట్టిన బ్రేకు వీడు మారుస్తాడంట!" బావ ముక్కు చీది, ఆ చేత్తోనే హేండిలు పట్టుకున్నాడు. "ఏదీ, ఊడగొట్టి చూపించు. ఊడిందా, నీ సబ్బునీళ్ళు తాగుతా."

సబ్బుబిళ్ళ బ్రేకు నొక్కిపట్టి బండిని బలంగా ముందుకి తోశాడు. రబ్బరు కదల్లేదు. మళ్ళీ తోశాడు. ఊహూఁ. గాలి కొట్టించుకోడానికి వచ్చిన పాలవాడు గుమ్మంలో నిలబడి పకపకా నవ్వాడు.

"చూశావుటే మీ తమ్ముడి తెలివి?" బావ ఛాతీ విరుచుకున్నాడు. "తిరగబడ్డాయని బిగించినప్పుడే చూశాన్రా. మళ్ళీ అంతా ఎవడు విప్పుతాడని గమ్ము కొట్టా. చెప్పులకి కొట్టే గమ్ము. ఛస్తే ఊడదు."

పాలవాడి నవ్వు ఆగిపోయింది.

సబ్బుబిళ్ళ రబ్బరు అంచుని గోటితో గీకాడు. పసుపు పచ్చని తీగ సాగింది, చీమిడిలా. అందులో ఒక వెంట్రుక, బన్ను పొట్టు. తెలియక చేశాడనుకుని జాలిపడ్డందుకు తనమీద తనకే రోత పుట్టింది. తెలిసీ, సొంత పెళ్ళాం ప్రాణాన్ని బద్ధకంతో అంటించాడు.

"దిగేటప్పుడు రిమ్ము కాలుతుంది బావా. ఆ వేడికి ఇది..."

"నువ్వుండరా," అంది అక్క. హెల్మెట్ విప్పి మొగుడి నెత్తిన పెట్టింది. "ఏమండీ, ముందు మీరు కూడలి దాకా దిగి రండి. నేనిక్కణ్ణించి చూస్తా."

"నేనా? సీటు నాకు పొట్టి కదే."

"ఎత్తిస్తా."

"మోకాలు పట్టేసింది."

"దిగడానికి తొక్కక్కర్లేదుగా."

బావ కింద మలుపు తిరుగుతున్న లారీని చూశాడు. హెల్మెట్ తీసి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు.

గుమ్మంలో పాలవాడు తన సైకిలు పక్కన కూర్చుని బ్రేకు కింద వేలు పెట్టాడు. అదీ ఈ షాపులో బావ కట్టినదే.

"అమ్మా, నాదీ వేలికి అంటుకుంటోంది," అన్నాడు.

అక్క మొగుడివైపు చూసింది, చెప్పుకింద ఏదో మెత్తగా తగిలినప్పుడు చూసే చూపు.

"ఎన్నిటికి కొట్టారు?"

"అన్నిటికీ కాదే."

"తమ్ముడూ, ముందు పాలాయనది విప్పు. తర్వాత నాది," అంది అక్క. "మీరు బయల్దేరండి. బండి కొన్నవాళ్ళ ఇళ్ళన్నీ మీకు తెలుసుగా."

"వెళ్ళి ఏమని చెప్పనే?"

"గమ్ము కొట్టానని చెప్పండి."