సత్తెమ్మ సొరబుర్రలు

రజాకార్ల గడబిడ సద్దుమణిగిన మరుసటేడు, పట్నం దవాఖానలో ఆరునెలలుండి సత్తెమ్మ హఫీజ్‌పేటలోని తల్లిగారింటికి చేరింది. కాన్పయిన నెలకే మతి చెదిరిన మనిషి ఇప్పుడు వేళకు తింటోంది, నిద్రపోతోంది, అడిగినదానికి తిన్నగా జవాబు చెబుతోంది. పిల్ల మాత్రం ఇంకా తెల్లాపూర్‌లో ఆడబిడ్డ దగ్గరే ఉంది. పూర్తిగా నయమైందని తన మేనమామ లింగమూర్తి అంటే తప్ప పిల్లనివ్వనని మొగుడు రామచంద్రం తెగేసి చెప్పాడు. లింగమూర్తి వైద్యుడా అంటే కాదు. ఊళ్లో అందరికంటే గట్టిగా మాట్లాడతాడు, అంతే.

చేతులు ఊరుకుంటే మనసు పాత దారి పడుతుందని దవాఖాన ఆయా చెప్పింది. అందుకని సత్తెమ్మ ఎండిన సొరబుర్రలకు ముఖాలు వేయసాగింది. సున్నంతో కళ్లు, జాజుతో పెదవులు, మేకవెంట్రుకలతో మీసాలు. మూతి ముడిచిన ఆడబిడ్డ, నోరు తెరిచిన మొగుడు గోడ వెంట కూర్చున్నారు. వాళ్లను చూసి తానే పకపకా నవ్వుకునేది. ఇన్నాళ్లకు కూతురి నవ్వు విని తల్లి భాగ్యమ్మ పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది.

రామచంద్రాన్ని వెంటబెట్టుకుని లింగమూర్తి వస్తున్నాడనగానే ఆ తల్లే కంగారుపడింది. నవ్వితే పిచ్చి ముదిరిందంటాడు, జర ఓర్చుకో బిడ్డా అని బతిమాలి, బుర్రలన్నీ గంప కింద దాచింది. పెద్దమనిషి ఊరుకుంటాడా? వచ్చీరాగానే గంప ఎత్తి చూశాడు.

ఒక్కో బుర్రా తీసి, ఇది ఫలానా అని గుర్తుపట్టి తొడ చరుచుకుని నవ్వాడు. పెద్దమనుషులు నవ్వితే అది పిచ్చి కాదు మరి. మామ నవ్వాడు గనుక రామచంద్రమూ నవ్వాడు. ఆఖరున బట్టతల, గుబురుమీసం, పైకెత్తిన గడ్డం ఉన్న బుర్ర చేతికొచ్చింది. అదెవరో లింగమూర్తికి తప్ప ఆ వాకిట్లో అందరికీ తెలిసిపోయింది.

"గీడెవడు? అచ్చం పిస్సోని లెక్కున్నడు."

నిజం చెబితే పిల్ల దక్కదు. సత్తెమ్మ తల దించుకుంది.

"నేనే మామా. పానం బాగలేనప్పుడు గట్లుంటి."

"మరి మీసాలేంది?"

"ఆడమనిషినన్న సోయి గూడ లేకుండె."

లింగమూర్తి గంభీరంగా తలాడించాడు. "తన పిచ్చి తనకు ఎరుకైనదంటే ఇగ నయమైనట్టే. రేపే పిల్లను ఎత్తుకరా, రామచంద్రం."

సత్తెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు కదులుతుంటే, బుద్ధొచ్చి ఏడుస్తోందనుకుని ఆయన నెత్తిన చెయ్యి పెట్టాడు. మొదట వచ్చింది నవ్వే. రేపు పిల్ల తనను చూసి ఎవరో అనుకుంటుందేమోనని తట్టాక, నిజంగానే ఏడ్చింది.