మూలుగలో కాపురం

హైమవతి కుడికాలి ఎముకలో ఎవరో కాపురం పెట్టారు. పొద్దున్నే పొయ్యి అంటిస్తారు. మోకాలి కింద చర్మం వేడెక్కుతుంది. తర్వాత పోపు వేస్తారు. ఆవాలు చిటపటమన్న చోటల్లా నొప్పి లేస్తుంది. పెరటి మెట్ల మీద జారినప్పుడు విరిగిన ఎముక అది. పైన పుండు మానకముందే ఎవరో లోపలికి దూరారని, మానాక తలుపు మూసుకుపోయిందని ఆమె అనుకుంటుంది.

ఎముకల డాక్టరు ఎక్స్‌రేని లైటు పెట్టెకి తగిలిస్తాడు. ఫిల్ములో పొడవాటి తెల్లటి ఇల్లు, కొత్తగా సున్నం కొట్టినట్టు.

"గోడలు నిక్షేపంగా ఉన్నాయి. లోపల చీము పడితే గోడలు తినేసేది. ఏమీ లేదమ్మా."

"గోడల కంటే ముందు మూలుగ తింటారు కదండీ" అంటుంది హైమవతి. "మీరు గోడలే చూస్తున్నారు."

"నెల పోయాక మళ్లీ ఎక్స్‌రే తీద్దాం. తింటే అప్పుడు కనిపిస్తుంది."

"కనిపిస్తే?"

"కాలు తీసేస్తాం" అంటాడు డాక్టరు మర్యాదగా.

హైమవతి కుర్చీలోంచి లేవదు. ఇన్నాళ్లూ తను మోసిన కాలు అది, తనని మోసిన కాలు. దాన్ని నెలపాటు ఎవరికీ అద్దెకివ్వనని చెబుతుంది. గోడల వెనక మనుషులు కూడా కనబడే ఎమ్మారై ఇవాళే తియ్యమంటుంది. డాక్టరు ఒంటి మీద లోహం ఉండకూడదనీ, దానికి అత్తగారు ఒప్పుకోవాలనీ అంటాడు.

అత్తగారు కామేశ్వరమ్మ వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది.

"మెట్టెలు తియ్యడమా? నా కొడుకు దుక్కలా ఉండగానే?"

ఆ మాటకి వరండా ఒక బల్ల మేర సాగుతుంది. చివర ఉన్న ఎమ్మారై గది అంత దూరం జరుగుతుంది.

"తియ్యకపోతే కాలే తీస్తారు అత్తయ్యగారూ. అప్పుడు మెట్టెలు ఎక్కడ పెట్టుకోను?"

"రెండో కాలు లేదూ?"

వరండా మళ్లీ సాగుతుంది. కొత్తగా వచ్చిన బల్లల మీద అప్పటికే ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకామె నడుం పట్టుకుని, ఒకామె భుజం పట్టుకుని. అందరి ఒళ్లోనూ ఎక్స్‌రే కవర్లు. అందరికీ ఏమీ లేదనే చెప్పారు.

హైమవతి నేల మీద చతికిలబడి మెట్టెలు లాగుతుంది. అవి లాగినకొద్దీ వెండి దారాలై సాగుతాయి. వాటిని ఉండ చుట్టి పక్కన పెడుతుంది. పుస్తెలతాడు తీసి దాని మీద పెడుతుంది.

అంతలో గదిలో అయస్కాంతం నిద్ర లేస్తుంది. కామేశ్వరమ్మ కాళ్లు నేల విడిచి, మెట్టెలు లాగినట్టల్లా గది వైపు గాల్లో బారుగా చాచుకుంటాయి. ఆవిడ బల్ల పట్టుకుని వేలాడుతూనే తిడుతుంది.

"మీరూ తీసెయ్యండి అత్తయ్యగారూ. నేల అందుతుంది."

"నాకు చెప్పొచ్చావు. ముందు ఇది కట్టుకుని చావు." కామేశ్వరమ్మ ఒంటి చేత్తో కొంగుముడి విప్పి, పసుపుదారానికి కట్టిన పసుపుకొమ్ము ఇస్తుంది. "ఇంటి దగ్గరే తెచ్చాను. నువ్వు నా మాట వింటావా ఏవన్నానా?"

హైమవతి దాన్ని మెడలో కట్టుకుని లోపలికి నడుస్తుంది. వరండా ఆమెకి అడ్డం రాదు.

"ఆయ్, కదలకండమ్మా" అంటాడు ఫొటో స్టూడియోవాడిలా ముసలి టెక్నీషియన్. తెర మీద ఎముక నల్లగా పడుతుంది. నడిమధ్య మూలుగలో తెల్లటి వెలుగు. వెలుగులో ఒక కుటుంబం బాసింపట్టు వేసుకుని భోంచేస్తోంది. పెద్దాయన తలెత్తి, ఎవరో తలుపు తట్టకుండా వచ్చినట్టు చిరాగ్గా చూస్తాడు.

"ఉన్నారమ్మా. గోడ జోలికి ఇంకా పోలేదు."

డాక్టరు తెర చూసి ఒప్పుకుంటాడు. ఇప్పుడే ఎముక తెరిచి కడిగి, మందులు ఎక్కిస్తే కాలు దక్కుతుందంటాడు. కాకపోతే ఆపరేషన్ థియేటరుకి లోపల గడియ వేసుందట. సోమవారం గానీ ఆ తలుపు గడియ తియ్యదట.

"సోమవారం దాకా వీళ్లకి నా మూలుగ వడ్డించను" అంటుంది హైమవతి.

ఆమె మోకాలి కింద చెయ్యి పెట్టి, ఒరలోంచి తీసినట్టు ఎముకను బయటికి తీస్తుంది. భుజాన వేసుకుని థియేటరు వైపు నడుస్తుంది. ఖాళీ కాలు దూడలా పక్కనే వస్తుంది.

వరండాలో కామేశ్వరమ్మ మెట్టెలు ఊడదీసి విసిరేసి, నేల మీద దిగుతుంది. తుంటిలోంచి తన ఎముక లాక్కుంటుంది.

"నాకు పురుడు నాటి నుంచీ ఉందే నొప్పి. ఎవడితో చెప్పాను. పద."

బల్లల మీది ఆడవాళ్లు లేస్తారు. ఒకామె వెన్నెముక, ఒకామె భుజం ఎముక లాక్కుంటుంది. అందరూ కలిసి ఆ ఎముకలతో థియేటరు తలుపు మీద కొడతారు. దెబ్బ పడ్డచోటల్లా చెక్కలోంచి ఒక పాలపన్ను మొలుస్తుంది. వాళ్లు ఆగరు. తలుపు ఇంకా గడియ తియ్యకుండానే వెచ్చటి ఊపిరి వదులుతూ, నవ్వాలో ఏడవాలో తెలియని పసిబిడ్డలా, చిగుళ్లు కొరుక్కుంటోంది.