లేవమంటే లేచింది

"వదినా, ఇవాళ ఓటింగుంది. మన విప్ గారు వెనక్కి తిరిగి మీ వంక చూసి తలాడిస్తారు. అప్పుడు లేవండి. ఆయన కూర్చున్నాక కూర్చోండి. అంతే పని," అంటూ మరిది టీ కప్పు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

ఆమె తలూపింది. టీ తాగి, కప్పు కడిగి బోర్లించింది. శాసనసభ్యుల క్వార్టర్లలో ఆ ఉదయం కూడా మిగతా ఉదయాల్లాగే గడిచింది. మరిది వరండాలో పచార్లు చేస్తూ ఫోన్లో ఎవరితోనో "మా వదినగారి తరఫున నేను మాట్లాడుతున్నానండీ" అంటున్నాడు. చూసేవాళ్ళకు ఇది ముచ్చటైన కుటుంబం. భర్తను పోగొట్టుకున్న వదినను కంటికి రెప్పలా కాచుకుంటున్న మరిది. ఆ రెప్ప కింద ఏం జరిగిందో పాఠకులకు చెప్పడానికే ఈ కథ.

ఊళ్ళో ఆమెను చిన్నా పెద్దా అందరూ షాపక్క అనేవారు. గవర్నమెంటు ఆస్పత్రి గేటుకు ఎదురుగా ఉన్న మందుల షాపు ఆమెదే. డాక్టరుగారి కోడిగీతలు ఆయనకన్నా తనకే బాగా అర్థమవుతాయని ఎగతాళి చేసేది. భర్త శాసనసభకు ఎన్నికైన తర్వాత కూడా షాపు కట్టెయ్యలేదు. "నీ పదవి ఐదేళ్ళే. ఊళ్ళో దగ్గులు ఎప్పుడూ ఉంటాయి," అనేది ఆయనతో. ఆయన పగలబడి నవ్వేవాడు.

సభ గడువు సగమైనా కాకముందే ఆయన పోయాడు. ఒక మీటింగులో మాట్లాడుతూ మాట్లాడుతూ కుర్చీలోనే పక్కకు ఒరిగిపోయాడు. చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుంటే తిమ్మిరెక్కుతుంది చూడండి, అలా ఆ రోజు నుంచి షాపక్క మనసంతా తిమ్మిరెక్కింది. ఏడుపు రాలేదు. ఆకలి తెలియలేదు. ఎవరేమడిగినా "సరే" అనేది. కాదనాలంటే కాస్తయినా ఓపిక కావాలి, సరే అనడానికి అదేమీ అక్కర్లేదు.

పరామర్శకు వచ్చేవాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు, ఈలోగా పార్టీ పెద్దాయన కూడా వచ్చాడు. ఆ సభలో అధికారపక్షానికీ ప్రతిపక్షానికీ మధ్య ఉన్న తేడా నూలుపోగంత. ఈయన పోవడంతో ఆ పోగు కూడా తెగేలా ఉంది.

"మరిదిని నిలబెడితే గెలుస్తామో లేదో చెప్పలేం. మీరైతే నామినేషన్ వేస్తే చాలమ్మా. జనం కళ్ళనీళ్ళు పెట్టుకుని ఓట్లేస్తారు," అన్నాడు పెద్దాయన.

"వాడి కుర్చీ పరాయివాళ్ళ పాలు చేస్తామా తల్లీ?" అని అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుంది.

"సరే," అంది షాపక్క.

ప్రచారంలో ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు. మాట్లాడమని ఎవరూ అనలేదు కూడా. జీపు మీద నిలబడితే, ఆ ముఖం చూసి వీధులకు వీధులే ముక్కు చీదుకున్నాయి. మెజారిటీ భర్తకన్నా ఎక్కువే వచ్చింది. ప్రమాణం చేసిన రోజున చేతికిచ్చిన కాగితాన్ని మందుల చీటీ చదివినట్టు చదివేసి, చూపించిన చోట కూర్చుంది.

సభలో ఆమెను గాజుబొమ్మలా చూసుకునేవారు. ఆమె తుమ్మితే ప్రభుత్వానికి జలుబు చేసేది. ఒకరోజు లాబీలో నిజంగానే తుమ్మితే, ఒక మంత్రిగారు తానే పరుగున వెళ్ళి మాత్ర తెచ్చారు. షాపక్క దాన్ని తిప్పి చూసి, "ఇది గ్యాసుకండీ," అంది. ఆ సమావేశాలన్నిటిలోనూ ఆమె నోటి నుంచి సొంతంగా వచ్చిన మాట అదొక్కటే.

ఇక ఆ ఓటింగు రోజు. బల్లమీద బిల్లు కాగితాలున్నాయి. 'వైద్య సేవల క్రమబద్ధీకరణ' అని పైన ఉంది. పేజీ తిప్పబోతుంటే పక్క సీటు సభ్యుడు, "ఎందుకండీ చదివి బుర్ర పాడుచేసుకోవడం, మనవాళ్ళు చూసే ఉంటారుగా," అన్నాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. అవతలివాళ్ళు లేచి ఏదో అరిచారు. స్పీకరు గంట కొట్టారు. విప్ వెనక్కి తిరిగి తలాడించాడు. షాపక్క లేచింది. తలలు లెక్కపెట్టారు. విప్ కూర్చున్నాడు. షాపక్క కూర్చుంది.

ఒక్క ఓటు తేడాతో బిల్లు గట్టెక్కింది. బల్లలు దద్దరిల్లాయి. పెద్దాయన ఆమె దగ్గరికి వచ్చి, "మీ ఆయన ఆత్మ శాంతిస్తుందమ్మా," అన్నాడు. మంచిదే కాబోలు అనుకుంది షాపక్క.

సమావేశాలు ముగిసి ఊరికి వచ్చాక కొన్ని నెలలకు, ఆస్పత్రి వెనక సందులో ఉండే దర్జీ ఆవిడను పిలిపించింది. ఒళ్ళు తగ్గి బట్టలన్నీ వదులైపోయాయి, కుట్లు లోపలికి వేయించాలి. దర్జీ ఆవిడ మామూలుగా వాగుడుకాయ. ఆ రోజు పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని, మాట్లాడకుండా నడుము దగ్గర గుడ్డ మడిచి గుచ్చుతోంది.

"చిన్నమ్మాయికి నెలలు నిండాయి కదూ? కాన్పయిందా?" అనడిగింది షాపక్క.

దర్జీ ఆవిడ సూదులు తీసి అరచేతిలో పెట్టుకుంది. "అయిందక్కా. మీ సభలో ఆ ఆస్పత్రుల చట్టం చేశాక ఇక్కడ కాన్పుల వార్డుకు తాళమేశారుగా, కాన్పులన్నీ జిల్లా పెద్దాస్పత్రికే పొమ్మన్నారు. ఆటో కట్టించుకుని బయల్దేరాం. సగం దారిలోనే అయిపోయింది. మగపిల్లాడు. ఏడవలేదు."

"అమ్మాయి?"

"లేచి తిరుగుతోంది. మాట్లాడదు."

దర్జీ ఆవిడ మళ్ళీ వంగి అంచు సరిచేస్తూ, "నీకు తెలియకుండా చేసుంటార్లే అక్కా. తెలిస్తే ఒప్పుకుంటావా? ఎన్ని కాన్పులకు అపరాత్రి లేచి షాపు తెరవలేదు నువ్వు!" అంది.

పక్క గదిలో వింటున్న మరిది గుమ్మంలోకి వచ్చాడు. "అదంతా పైవాళ్ళ నిర్ణయమమ్మా. వదినకేం సంబంధం?"

తప్పించుకోవడానికి దారి తెరిచే ఉంది. అవునని ఊరుకుంటే సరిపోయేది. అలా ఊరుకోవడం ఆమెకు అలవాటే. కానీ దర్జీ ఆవిడ చేతులు ఇంకా ఆమె నడుము మీదే ఉన్నాయి.

"నేను అక్కడే ఉన్నాను. లేచి నిలబడ్డాను. ఒక్క ఓటుతో నెగ్గింది," అంది షాపక్క.

"ఎందుకక్కా?"

"లేవమన్నారు."

దర్జీ ఆవిడ నెమ్మదిగా లేచి గోడకు ఆనుకుంది. తిడుతుందనుకుంది షాపక్క. తిట్టలేదు.

"మాదీ ఉందిలే తప్పు. నువ్వేం చేస్తావో అడిగి వెయ్యలేదుగా ఓటు? మొగుడు పోయాడని జాలిపడి వేశాం. జాలేస్తే నాలుగు రోజులు అన్నం వండి పెట్టాల్సింది. ఓటెందుకు వేశామో!" అని, బట్టలు మూట కట్టుకుని వెళ్ళిపోయింది.

తిమ్మిరి వదిలేటప్పుడు సూదులతో పొడిచినట్టుంటుందని షాపక్కకు తెలుసు. ఆ నొప్పి కోసం ఎదురుచూసింది. రాలేదు. లోపల ఇంకా మొద్దుగానే ఉంది. లేచి రోడ్డు దాటి ఆస్పత్రికి వెళ్ళింది. కాన్పుల వార్డు కిటికీలోంచి చూస్తే మంచాలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. అక్కణ్ణించి వెనక సందులోకి వెళ్ళి, దర్జీ ఆవిడ చిన్నకూతురి పక్కన కూర్చుంది. ఆ పిల్ల గోడకేసి చూస్తోంది. షాపక్క కూడా ఆ గోడకేసే చూసింది. ఓదార్పు మాటలు తెలియకపోలేదు. తనకు అందరూ చెప్పినవే, ఏ ఒక్కటీ పనిచెయ్యనివి. మనసు మామూలయ్యాక ఏదైనా చేద్దాంలే అనుకుంటే, ఆ పని ఎప్పటికీ కాదని మాత్రం అక్కడ కూర్చున్నప్పుడు ఆమెకు తెలిసింది.

సభ చివరి ఏడాది సమావేశాల్లో, మూసేసిన వార్డులన్నీ తిరిగి తెరవాలని ప్రతిపక్షం తీర్మానం పెట్టింది.

"వదినా, ఇవాళ లేవకండి. వాళ్ళు లేస్తారు, మనం కూర్చోవాలి," అన్నాడు మరిది.

"దేని గురించి?"

అతను ఉలిక్కిపడ్డాడు. అన్నాళ్ళలో ఆమె అలా అడగడం అదే మొదలు. "మీకెందుకు వదినా ఆ గొడవంతా?"

"ఓటు నాది. నాకు కాక ఇంకెవరికి?"

సభలో ఆమె చెయ్యెత్తితే స్పీకరు మంచినీళ్ళు కావాలేమో అనుకుని బంట్రోతును పంపారు. మాట్లాడాలని తెలిశాక అనుమతించారు. షాపక్క గొంతు పెంచలేదు. "కిందటిసారి ఏ బిల్లుకు లేచానో నాకు తెలియదు. చదవలేదు. మా ఊళ్ళో ఒక పిల్లాడు దారిలో పుట్టి, ఏడవకుండానే పోయాడు. ఆ తేడా ఒక్క ఓటు నాదే. ఇవాళ చదివాను. చదివి లేస్తున్నాను," అంది.

విప్ తిరిగి చూశాడు. కనుబొమలు ఎగరేశాడు. ఆమె నిలబడే ఉంది. ప్రతిపక్షంలో ఒకరు ఆ రోజు సభకు రాలేదు, దాంతో లెక్కపెడితే రెండు పక్షాలూ సరిసమానంగా వచ్చాయి. అలాంటప్పుడు స్పీకరు ఓటు వేస్తారు. ఆయన కాసేపు కళ్ళద్దాలు తుడుచుకుని, తీర్మానానికి వ్యతిరేకంగా వేశారు.

అంతే. తీర్మానం వీగిపోయింది. పార్టీ మాట మీరినందుకు గడువు ముగియకముందే ఆమె సభ్యత్వం పోయింది. అత్తగారు మాట్లాడటం మానేసింది. వార్డుకు వేసిన తాళం వేసినట్టే ఉంది. నేను నిజం చెబుతున్నాను గనుక, ఒక్క మంచిపనితో లోకం మారిపోయిందని రాయలేను. షాపక్కకు గర్వమూ కలగలేదు, దుఃఖమూ కలగలేదు. ఆ రోజు నుంచి రాత్రిళ్ళు కాస్త నిద్ర మాత్రం పట్టింది.

కొత్త ఎన్నికలొచ్చాయి. ఈసారి పార్టీ అభ్యర్థి మరిది. బలగంతో వెనక సందులోకి వచ్చి, "మా అన్న ముఖం చూసి వెయ్యండి!" అని గొంతు జీరబోయేలా అడిగాడు. జనం వెనక షాపక్క కూడా నిలబడి ఉంది.

దర్జీ ఆవిడ కుట్టుమిషను ఆపి బయటికి వచ్చింది. "మీ అన్నగారు మంచివారే బాబూ. నీ సంగతి చెప్పు. వార్డు తెరిపిస్తావా? తెరవాలని అడిగిన రోజున పార్టీ కూర్చోమంటే, నువ్వేం చేస్తావు?"

మరిది నోరు తెరిచాడు. ఏం చెప్పమంటావన్నట్టు పక్కనున్న పార్టీ మనిషి వంక చూశాడు. ఆ చూపు సందంతా చూసింది. దర్జీ ఆవిడ చిన్నకూతురు కూడా గుమ్మంలోకి వచ్చి చూసింది.

జీపు వెళ్ళిపోయాక నలుగురూ షాపక్క చుట్టూ మూగి, ఇంతకీ ఎవరికి వెయ్యమంటావక్కా అనడిగారు.

"నన్నడిగి వెయ్యకండి. వచ్చిన ప్రతివాణ్ణీ ఇలాగే నిలబెట్టి అడగండి. నన్ను మీరెవరూ అడగలేదు," అంది ఆమె. "అడగకుండా ఓటేస్తే సభకు వెళ్ళేది మీ మనిషి కాదు, ఉత్త తల. దాన్ని ఎవరైనా తమ లెక్కలో వేసుకుంటారు."